చూసిందెంత, అనుకున్నదెంత

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనే పిలిచేవారు. ఇంటి ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని చొక్కాలు, గౌన్లు కుట్టేది. పనికి వంక పెట్టినవాళ్లు లేరు గానీ, కథలల్లడంలో ఆమె వేగాన్ని ఆ మిషను కూడా అందుకోలేకపోయేది. ఎదురింటావిడ కిటికీ మూస్తే తనను చూసే మూసిందనేది. గుడ్డ ఇచ్చిన మనిషి నాలుగు రోజులు కనబడకపోతే వేరే దర్జీని మరిగిందనేది.

బస్సులు బాగుచేసే ఆమె భర్త మాటల పొదుపరి. అంతా విని, "చూసిందెంత, అనుకుందెంత?" అని భోజనానికి కూర్చునేవాడు. ఆమెకు ఒళ్లు మండేది. ఒకసారి పంతానికి పోయి ఎదురింటికే వెళ్లి అడిగింది. రోడ్డు తవ్వుతున్నారు, దుమ్ముకు మూశానని ఆవిడ నవ్వేసింది. అప్పటినుంచి మిషనక్క చూసినదాన్ని ఒక పక్క, అనుకున్నదాన్ని ఒక పక్క పెట్టడం అలవాటు చేసుకుంది. చిన్నాచితకా విషయాల్లో బాగానే కుదిరింది. చెల్లెలి దగ్గరికొచ్చేసరికి మనసు మొండికేసింది.

పెళ్లిళ్లయి ఊరికి చెరో కొసన పడ్డా, ఫోను పెట్టేయడానికి ఆ ఇద్దరికీ మనసొప్పేది కాదు. అలాంటిది చెల్లెలు కొన్ని నెలలుగా ఫోనెత్తడమే మానేసింది. బజారులో వెనకనుంచి "చిట్టీ" అని పిలిస్తే తిరిగి చూడకుండా సాగిపోయింది. కొత్త ఇల్లు కట్టాక కళ్లు నెత్తికెక్కాయని మిషనక్క తేల్చేసింది. తేల్చేసిందే గానీ, ఫోను మోగినప్పుడల్లా మిషను ఆపి పరుగెత్తేది. చెల్లెలికి బాగుంటుందని ఒక పూలగుడ్డ అమ్మకుండా దాచింది.

ఒక మధ్యాహ్నం ఆ గుడ్డ ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా ఆలోచించింది. ఫోనెత్తలేదు, పిలిస్తే తిరగలేదు. తను చూసింది అంతే. పొగరు తను కలిపి కుట్టింది. లేచి బస్సెక్కింది.

తలుపు తీసిన చెల్లెలు ఆమె కళ్లలోకి చూడకుండా పెదవులనే చూస్తూ నిలబడింది. సంగతి అప్పుడు బయటపడింది. వినికిడి తగ్గుతూ తగ్గుతూ దాదాపు పోయిందట. ఫోనులో మాటలు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంటాయట.

"నాకెందుకు చెప్పలేదే?"

చెల్లెలికి అందలేదు. మిషనక్క మళ్లీ, మెల్లగా అడిగింది.

"చెబితే ఏడుస్తావని. అయినా నాకూ కోపమే అక్కా. ఫోనెత్తకపోతే, ఉన్నానో పోయానో చూడడానికైనా వస్తావనుకున్నా."

ఇన్ని నెలలుగా మిషనక్క అల్లిన కథల్లో తన తప్పు ఒక్కదాంట్లోనూ లేదు.

ఇప్పుడు సెలవు రోజుల్లో వెళుతుంది. వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చెబుతుంది. చెల్లెలికి సగం అందుతుంది, మిగతా సగం ఊహించుకుని నవ్వుతుంది. తిరిగొచ్చే బస్సులో మిషనక్కకు ఒకటే ఆశ. చిన్నప్పుడు దీపం ఆర్పాక ఒకరికొకరు కనబడకుండా గుసగుసలాడుకునేవారు. అలా, చీకట్లో, ఇంకొక్కసారి మాట్లాడుకోవాలని.