బొమ్మ కింద ఎర్ర రంగు పేరు

దయ్యం అంటే నాకు నవ్వే వచ్చేది. శ్మశానం గోడకు రంగులు వేసి, అక్కడే సద్ది విప్పుకుని తిన్నవాణ్ణి. ఇప్పటికీ నమ్మనంటాను. కానీ ఈ ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో ఆబిడ్స్‌లో దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. రాసేవాణ్ణంటే, ఎవరో సుద్దతో గీసిస్తే రంగు నింపడమే. చదవడం రాదు. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను.

నాంపల్లిలో ఒక హాల్లో కొత్తవాళ్లంతా కలిసి బొమ్మల ప్రదర్శన పెడుతుంటే, డ్రాయింగ్ టీచరు రాజలింగం నాకూ చోటిప్పించాడు. ఆ వానాకాలమే పోయిన మా అమ్మ బొమ్మ వేశాను. ఆమెకు ఫొటో లేదు. ఆ బొమ్మ గోడకెక్కకపోతే ఆమె మొహం ఇంకెవరూ చూడరు.

వేసినవాడి పేరు కింద ఉండాలన్నారు. రాజలింగం నా గదికొచ్చి పెన్సిలుతో ‘ప్రభాకర్’ అని రాసి, చదివి వినిపించాడు. పట్నంలో నేను పెట్టుకున్న పేరది. అతను పోయాక ఆ గీతల మీదే ఎర్ర రంగు దిద్దాను. ఆరాక గుడ్డ చుట్టి పక్కనే పెట్టుకున్నాను. ఎవరూ ముట్టుకోలేదు.

తెల్లారి హాలంతా తడి సున్నం వాసన. ప్రదర్శన చూసుకునే పెద్దమనిషి బొమ్మ దగ్గర ఆగాడు.

"ప్రభాకర్ అంటివి. మరి గీ పెంటయ్య ఎవడు? ఎవని బొమ్మ ఎత్తుకొచ్చినవ్?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "పెంటయ్యలు గూడ బొమ్మలేస్తున్రా!"

రాజలింగం వంగి చూశాడు. మొహం పాలిపోయింది. "నీ మీద ఒట్టన్నా, రాత నాదే. గని గీ పేరు నేను రాయలే."

పెంటయ్య నా అసలు పేరు. నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, అమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని ఆ పేరు పెట్టింది. అదుంటేనే బతుకుతానని ఆమె నమ్మకం. పట్నంలో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. రాజలింగానికి కూడా.

"దింపుండ్రి దాన్ని," అన్నాడు పెద్దమనిషి.

"దింపకుండ్రి సార్. పెంటయ్యను నేనే. గామె మా అమ్మ."

ఆయన నన్నూ, బొమ్మనూ మార్చి మార్చి చూశాడు. దింపలేదు.

చదువొచ్చాక మొదట ఆ పేరే కూడబలుక్కుని చదివాను. అమ్మే రాయించిందంటారు మా ఇంట్లో. ఎట్లా రాయిస్తుంది? ఆమెకూ నాలాగే అక్షరం ముక్క రాదు.