చీమల బారులో చీమ కానిది

మొన్న పొద్దున్న బాల్కనీలో పేపరు చదువుతుంటే, బియ్యపుగింజలో సగం కూడా లేని ఒక పురుగు తోకలాంటి పొట్టను పైకెత్తుకుని అక్షరాల మీదుగా నడిచి వెళ్ళింది. దాన్ని చూడగానే, ఇన్నేళ్ళుగా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని సంగతి గుర్తొచ్చి, ఆ పూట మరి పేపరు చదవలేకపోయాను.

జువాలజీ చదివినవాళ్ళం కూడా పట్టాలు పెట్టెలో పెట్టి, కంప్యూటరు కోర్సుల కోసం అమీర్‌పేటకు పరుగెత్తిన రోజులవి, మీలో చాలామందికి తెలిసినవే. గుంటూరు వైపు నుంచి వచ్చిన నేను పంజాగుట్టలో ఒక సందులో, ఒక ముస్లిం కుటుంబం మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడను సందులో అందరిలాగే ఖాలా, అంటే పిన్నీ, అనేవాణ్ణి. కొడుకు బేగంపేటలో ఉద్యోగానికి వెళ్ళాక, ఆవిడ పెరట్లో జామచెట్టు కింద కూర్చుని బియ్యం ఏరుకునేది.

ఒకరోజు క్లాసుకు పోతున్న నన్ను పిలిచి, చెట్టు మొదట్లో చీమల బారు చూపించింది. "జర చూడు బేటా. గా నడుమ పోయేది చీమ కాదు. ఆర్నెల్ల సంది చూస్తున్న, చీమలు సుత దాన్ని ఏమనవు." చీమే ఖాలా, అని నవ్వేశాను. ఆవిడ వదల్లేదు. చివరికి నా పాత భూతద్దం తెచ్చి చూస్తే, రెక్కల మీది పెంకులు పొట్టిగా, వెనక పొట్టంతా బయటికి కనిపిస్తూ, అది నిజంగానే వేరే పురుగు. చీమలు మీసాలతో దాన్ని తడిమి దారి ఇస్తున్నాయి.

దాన్ని సీసాలో వేసి, యూనివర్సిటీలో నాకు జువాలజీ చెప్పిన మా గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మైక్రోస్కోపు మీద చాలాసేపు వంగి, ఇది రోవ్ బీటిల్ అనే పెంకుపురుగని, బహుశా చీమల పుట్టలోనే బతికే రకమని, ఇలాంటిది తానెన్నడూ చూడలేదని చెప్పి, ఎవరు గమనించారని అడిగారు. నేనే సార్, అన్నాను. కోర్సులో నాకంటే చిన్నవాళ్ళ ముందు రోజూ తెల్లమొహం వేస్తున్న నాకు, ఆ ఒక్క మెచ్చుకోలు కావలసివచ్చింది. ఆయన చిన్న చీటీ మీద, సేకరించినవారి చోట నా పేరు రాసి, పురుగున్న సూదికే గుచ్చి, డిపార్ట్‌మెంటు పురుగుల పెట్టెలో పెట్టారు.

ఇంటికొస్తే ఖాలా గేటు దగ్గరే ఉంది. "ఏమన్నరు మీ సారు?" ఒక అబద్ధాన్ని దాచడానికి ఇంకోటి చెప్పాను: మామూలు చీమేనట. ఆవిడ, "అట్లనా. నా కండ్లే ఖరాబైనయేమో," అంది. ఆ వారమే కొడుకును వెంటబెట్టుకుని సోమాజిగూడలో కళ్ళ డాక్టరుకు చూపించుకుని వచ్చింది. చూపు బాగానే ఉందన్నారట. "మరి నాకెందుకట్ల కనిపించింది బేటా?" అని మేడమీదికొచ్చి అడిగింది. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. క్లాసుకు టైమైందని మెట్లు దిగి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆవిడ పెరట్లో కూర్చోవడం మానేసింది.

నాకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఎన్నో ఏళ్ళకు ఆ సందుకు వెళితే, ఇంటి స్థానంలో అద్దాల ఆఫీసు ఉంది; వాళ్ళెటు పోయారో ఎవరికీ తెలియదు. అక్కణ్ణుంచి మా డిపార్ట్‌మెంటుకు వెళ్ళాను. గురువుగారు లేరు, పురుగుల పెట్టె మాత్రం భద్రంగా ఉంది. దాని బాధ్యత చూసే అమ్మాయి నా కథంతా ఓపిగ్గా విని, కలం తీసి, "దాందేముంది సార్, సరిచేద్దాం. ఆవిడ పేరు చెప్పండి," అంది.

రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, ప్రతి రంజానుకూ ఆవిడ చేత్తో పెట్టిన సేమ్యా తిన్నాను, పేరు మాత్రం ఎన్నడూ అడగలేదు. ఒకప్పుడు ఖాలా ఇల్లెక్కడంటే పంజాగుట్టలో కిళ్ళీకొట్టువాడు సైతం చెయ్యెత్తి చూపించేవాడు, ఆ ఒక్క మాట సరిపోయేది. ఇప్పుడు ఆ మాటకు తిరిగి చూసే మనిషి ఆ సందులో లేడు. ఆ అమ్మాయి కలం మూసి, పెట్టెను మళ్ళీ అలమారలో పెట్టేసింది.