బీరు పొట్టు మీద కొట్లాట

బొల్లారంలో రైలు గేటు దాటి ఎడమవైపు సందులోకి తిరిగితే పదకొండు బర్రెల కొట్టం కనిపిస్తుంది. అది రాజ్యానిది. పేరుకు భర్త ధర్మరాజుది అనాలి గానీ, పేడ ఎత్తడం దగ్గర్నుంచి పాలు పిండడం దాకా ఆ కొట్టం నడిచేది రాజ్యం చేతుల మీదే. యాభైకి దగ్గర పడిన మనిషి. మూడో తరగతి దాకా చదివింది. నవ్విందంటే సందు చివరిదాకా వినపడేది.

ఒకప్పుడు ఎండాకాలం వస్తుందంటే ఆమెకు వణుకు పుట్టేది. పచ్చగడ్డి దొరకదు, దాణా కొనే శక్తి ఉండదు, పాలు సగానికి పడిపోతాయి. వట్టిపోయినదాన్ని ఊరికే మేపలేక ఏటా మే నెల చివర ఒక బర్రెను అమ్ముకునేవారు. అమ్మిన రోజు రాజ్యం అన్నం ముట్టేది కాదు. అట్లా తరిగి తరిగి పదకొండు మిగిలాయి. ఇంకొక్కటి పోయినా ఇల్లు గడవదనే దగ్గర ఆ తరుగుడు ఆగింది. ఆపింది బీరు.

నాలుగేళ్ల కింద తిరుమలగిరి వైపు ఒక పెద్ద హోటలు పెట్టారు. అక్కడ బీరు సీసాల్లో తెచ్చి అమ్మరు, అక్కడికక్కడే కాచి పోస్తారు. అద్దాల వెనక మనిషికి రెండింతల ఎత్తున్న గంగాళాలు మెరుస్తుంటే పిల్లలు వాటి ముందు ఫోటోలు దిగుతారు. నెలకో కొత్త రుచి పెడతారు. ఎండలకు మామిడి బీరు, వానలకు కాఫీ బీరు, ఈమధ్య జొన్న బీరు. మందులో చింతపండు రసం, నన్నారి, తాటిముంజలు కలిపి పొడుగాటి గ్లాసుల్లో ఇస్తారట, వాటికోసం శనివారం పూట బయట వరస కడతారట. జొన్న గటక తాగిన మా నాయన బీదోడైండు, జొన్న బీరు తాగినోళ్లు దొరలైన్రు అని రాజ్యం నవ్వేది.

నవ్వినా ఆ హోటలుకు ఆమె మొక్కని రోజు లేదు. బీరు కాచాక గంగాళం అడుగున ఉడికిన గింజల పొట్టు కుప్పలు కుప్పలు మిగులుతుంది. అది బర్రెలు ఇష్టంగా తింటాయి, పాలు పొంగుతాయి. హోటలువాళ్లు దానికి డబ్బు అడగరు. వాళ్లకు కావలసింది ఒక్కటే, పొట్టు త్వరగా వెళ్లిపోవాలి. మంగళవారం, శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వేడివేడిగా తీసి వెనక గేటు దగ్గర డ్రమ్ముల్లో పెడతారు. ఎండకు మధ్యాహ్నానికల్లా పులిసి కంపు కొడుతుంది, లోపల కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. అందుకని ఎవరి బండి ముందు నిలబడితే పొట్టు వాళ్లది. రాజ్యం, ధర్మరాజు ఎనిమిదిన్నరకే ట్రాలీ ఆటోతో అక్కడ ఉండేవారు. మూడు ఎండాకాలాలు గడిచాయి. పదకొండు పదకొండుగానే ఉన్నాయి.

బీరు కాచే కుర్రవాడు పృథ్వీ భీమవరం వైపువాడు. మర్యాదస్తుడు. తెల్ల డ్రమ్ముల్లో పొట్టుతోపాటు ఒక్కోసారి నీలం డ్రమ్ములో చిక్కటి మడ్డి కూడా పెట్టేవాడు. బీరు పులిశాక అడుగున దిగేది అదే. మొదటిసారి రాజ్యం దాన్ని అట్లాగే తొట్టిలో పోసింది. గంట తిరక్కుండా ఒక బర్రె పొట్ట డోలులా ఉబ్బి కాళ్లు తన్నుకోసాగింది. పశువుల వైద్యం తెలిసిన ముసలి బిక్షం పరుగున వచ్చి, ఎడమ డొక్కలో చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ ఉన్న గుంటలో సన్న కత్తి దింపాడు. బుస్సుమని గాలి పోయింది, బర్రె లేచింది. తర్వాత గొంతులో పల్లినూనె పోయించాడు. ఆ చోటు మరచిపోవద్దని రాజ్యం చెయ్యి పట్టుకుని మూడుసార్లు తడిమించాడు.

ఈ సంగతి చెబితే పృథ్వీ తల పట్టుకున్నాడు. "అది బతికున్న సరుకండీ రాజ్యంగారూ, కడుపులోకెళ్లినా పులుస్తూనే ఉంటుంది. బాగా మరిగించి, చల్లార్చి, చెంబెడంటే చెంబెడే పెట్టండి" అన్నాడు. ఆ రోజు నుంచి మరిగించకుండా ఆమె మడ్డిని కొట్టంలోకి రానివ్వలేదు.

ఇక లక్ష్మణ్ సంగతి. ధర్మరాజుకు సొంత తమ్ముడు. ఆరేళ్ల కింద అన్నదమ్ములు వేరుపడినప్పుడు బర్రెలను పంచుకుని నడుమ గోడ కట్టుకున్నారు. గోడకు అటువైపు అతని తొమ్మిది బర్రెలు. ఈ ఏడు ఎండలకు అవి ఎముకలు తేలాయి. గోడకు ఇటువైపు మాత్రం పాలు పొంగుతున్నాయి. అది చూసి అతనికి కడుపు మండింది. మార్చి నెలలో ఒక మంగళవారం హోటలు గేటు దగ్గరికి తానూ బండి తెచ్చి, సగం పొట్టు తనకు రావాలని అడిగాడు. తండ్రి సొత్తు పంచుకున్నట్టే ఇదీ పంచాలన్నాడు.

"ఈ బీరు మీ నాయన కాచిండా, లక్ష్మణ్?" అంది రాజ్యం.

గేటు దగ్గరి వాచ్‌మన్ పకపకా నవ్వాడు. అతను మంచిగా అడిగి ఉంటే ఆమె సగం కాకపోయినా రెండు డ్రమ్ములు ఇచ్చేదే. మాట వేడిలో అట్లా అంది. పదిమందిలో వదినె తనను నవ్వులపాలు చేసిందని లక్ష్మణ్ మనసులో పెట్టుకున్నాడు. ఆ శుక్రవారం ధర్మరాజు బండి టైరు కత్తితో చీల్చి ఉంది. మరుసటి వారం గడ్డివాముకు నిప్పంటుకుంది. ఎవరు చేశారో సందులో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ధర్మరాజు మొదటి డ్రమ్ము ఎత్తుతుండగా లక్ష్మణ్ బండి వచ్చి అడ్డంగా ఆగింది. ఇద్దరు మనుషులు దిగారు. లక్ష్మణ్ చేతిలో ఇనుప పైపు ఉంది. మాటా లేదు, పలుకూ లేదు. పైపు లేచి అన్న కుడి చేతి మీద దిగింది. ఎండు చెరుకు విరిచినట్టు చప్పుడైంది. ధర్మరాజు డ్రమ్ములోంచి ఒలికిన వేడి పొట్టులోనే పడ్డాడు. పడ్డవాణ్ణి మిగతా ఇద్దరూ పొట్టలో, వీపు మీద తన్నారు. వాచ్‌మన్ లోపలికి పోయి గేటు గడియ పెట్టుకున్నాడు.

రాజ్యం పార ఎత్తి ఒకడి మోకాలి మీద కొట్టింది. వాడు కుంటుకుంటూ పక్కకు జరిగాడు. లక్ష్మణ్ ఆమె జుట్టు పట్టి లాగి బండి రేకుకేసి మొహం కొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. నోరంతా ఉప్పటి నెత్తురు. నేల మీద పడి ఆమె పైకి చూస్తే, అతను డ్రమ్ములన్నీ తన బండిలోకి ఎక్కిస్తున్నాడు. పొట్టు డ్రమ్ములు ఆరూ అయ్యాక, గోడ పక్కనున్న రెండు నీలం డ్రమ్ముల మీద చెయ్యి వేశాడు.

"ఇందుట్ల ఉన్నదా వదినె, నీ కిటుకు?" అన్నాడు. "చూస్తనే ఉన్న. వారం వారం దాసిపెట్టుకొని పోతున్నవ్."

అది మరిగించాలి. ఆ ఒక్క మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. నోట్లో నెత్తురు ఉన్న మాట నిజమే, కానీ అనాలనుకుంటే అనగలదు. అనలేదు. నెత్తురు ఉమ్మేసి, అతను నీలం డ్రమ్ములు రెండూ ఎక్కించుకుని పోయేదాకా చూస్తూ ఊరుకుంది.

సర్కారు దవాఖానాలో ధర్మరాజు చేతికి ఫోటో తీశారు. రెండు ఎముకలు విరిగాయి. పిండికట్టు వేస్తుంటే అతను పళ్లు బిగబట్టి, పొట్టు మొత్తం పట్టుకపోయిండా అని అడిగాడు. నీలం డ్రమ్ములు సుత అంది రాజ్యం. అతను ఆమెవైపు తల తిప్పాడు.

"చెప్పినవా?"

"లేదు."

ధర్మరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రాజ్యం బల్ల మీద కూర్చుంది. మొదట్లో ఆమెకు హాయిగానే ఉంది. చావనీ అనుకుంది. వాచిన పెదవిని తడుముకున్నప్పుడల్లా ఇంకో బర్రె చావనీ అనుకుంది. మధ్యాహ్నం అవుతుంటే ఆ హాయి కాస్తా తగ్గింది. ఆ తొమ్మిదింట్లో నాలుగింటిని వేరుపడకముందు పిండింది ఆమే. ఏది చేపుకొచ్చి పాలు దింపడానికి ఎంతసేపు పడుతుందో, ఏది కాలు విసురుతుందో ఇప్పటికీ ఆమె చేతులకు తెలుసు. కొట్టుకున్నది మనుషులు, మింగింది పసురాలు. లక్ష్మణ్‌కు ఫోను చేసింది. కట్ చేశాడు. తోడికోడలు కల్పలత నంబరును తన ఫోనులోంచి వేరుపడిన రోజే తీసేసింది. ఇక భర్తకు చెప్పకుండా బయటికొచ్చి ఆటో ఎక్కింది.

ఇంట్లోంచి సన్న కత్తి తీసుకుని ఆమె గోడ చుట్టూ తిరిగి లక్ష్మణ్ కొట్టంలోకి పోయేసరికి రెండు బర్రెలు అప్పటికే కాళ్లు చాపి చచ్చిపడి ఉన్నాయి. మిగతావి ఉబ్బిపోయి, నాలుకలు వేలాడేసి, తాగినవాళ్లలా తూలుతున్నాయి. కల్పలత ఒకదాని మెడ పట్టుకుని ఏడుస్తోంది. కత్తితో వస్తున్న వదినెను చూడగానే లక్ష్మణ్ పైపు అందుకున్నాడు.

"జరుగు. గాలి తియ్యాలె" అంది రాజ్యం.

పళ్లూడిన నోటి మాట అతనికి ఎక్కలేదు. పైపు ఆమె భుజం మీద పడింది. ఆమె ఆగకుండా అతన్ని తోసుకుని దగ్గరున్న బర్రె ఎడమ డొక్క తడిమి, ఆ గుంటలో కత్తి పిడి దాకా దింపింది. తన బర్రెను చంపుతోందని లక్ష్మణ్ ఒక్క అరుపు అరిచి ఆమె వీపు మీద మళ్లీ కొట్టాడు. రాజ్యం మోకాళ్ల మీద కూలింది, కత్తి మాత్రం వదల్లేదు. దాన్ని కొద్దిగా తిప్పింది. బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. నెత్తురు, నురగ, పుల్లటి బీరు కంపు అన్నీ కలిసి ఆమె మొహం మీద చిమ్మాయి. బర్రె పొట్ట దిగింది. తల ఎత్తి ఊపిరి పీల్చింది.

లక్ష్మణ్ చేతిలోంచి పైపు జారింది.

"కల్పలతా, నూనె పట్కరా. ఎంతుంటే అంత" అంది రాజ్యం.

ఆ తర్వాత గంటన్నర ఆ కొట్టం కసాయి దుకాణమైంది. ఆమె పొడుస్తూ పోయింది. లక్ష్మణ్ కొమ్ములు వంచి పట్టాడు, కల్పలత సీసాతో నూనె పోసింది. ఒకటి కత్తి దిగాక కూడా ఆమె మీదికే ఒరిగి చచ్చింది. దాని కింద నుంచి కాలు లాక్కోవడానికి ఇద్దరు సాయం పట్టారు. ఆరు బతికాయి. చివరిదానికి గాలి పోయేసరికి రాజ్యం మోచేతుల దాకా ఎర్రగా ఉంది.

తొట్టి దగ్గర కత్తి కడిగి గోడ మీద పెట్టింది. లక్ష్మణ్ చచ్చిన బర్రె పక్కన కూర్చుని, కుడి చెయ్యి దాని కొమ్ము మీద వేసి ఏడుస్తున్నాడు. రాజ్యం పేడలో పడి ఉన్న పైపు తీసింది. రెండు చేతులా ఎత్తి ఆ ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

"ఇది మా ఆయనకు" అంది.

రెండోసారి ఎత్తింది. కల్పలత వచ్చి పైపు పట్టుకుంది. చాలక్కా అంది. రాజ్యం వదిలేసి ఇంటికి పోయింది.

పోలీసుల దగ్గరికి ఎవరూ పోలేదు. పోతే రెండిళ్లవాళ్లూ లోపలికే. ధర్మరాజు మాత్రం ఇంటికి వచ్చి సంగతి తెలుసుకున్నాక రెండు పూటలు ఆమె చేతి అన్నం ముట్టలేదు.

"నా తోడబుట్టినోన్ని కొట్టినవా" అన్నాడు.

"నీ తోడబుట్టినోడే నిన్ను కొట్టిండు."

"నేనుంటే అంత పని చెయ్యనిద్దునా?"

"నువ్వుంటే నీకు కొట్టనీకె చెయ్యేది?"

అతనికి నవ్వొచ్చింది, నవ్వితే పక్కటెముకలు కలుక్కుమన్నాయి. తిట్టుకుంటూ కంచం దగ్గరికి జరిగాడు.

సోమవారం పృథ్వీ ఫోను చేశాడు. యజమానికి కొట్లాట సంగతి తెలిసిందని, ఇప్పుడు ఈ పొట్టును ఎండబెట్టి పిండి చేసి బిస్కెట్లు చేయడం కొత్తగా నడుస్తోందని, ఆ బిస్కెట్లవాళ్లు రోజూ అడుగుతున్నారని చెప్పాడు. రేపు బండి రాకపోయినా, వచ్చి గొడవపడినా, ఇక పొట్టు వాళ్లకే పోతుంది. రాజ్యానికి బండి నడపడం రాదు. గోడకు ఇటొకరు, అటొకరు, అన్నదమ్ములిద్దరూ మెడకు చెయ్యి వేలాడేసుకుని కూర్చున్నారు. ఆ రాత్రి పదకొండు బర్రెల నోళ్లూ ఆమె కళ్ల ముందే ఉన్నాయి.

మంగళవారం ఎనిమిదింటికి సందులో హారన్ మోగింది. లక్ష్మణ్ ట్రాలీ నడిపే సీటులో కల్పలత కూర్చుని ఉంది. దిగలేదు, పిలవలేదు. రాజ్యం తన ఖాళీ డ్రమ్ములు ఎక్కించుకుని వెనక నిలబడింది.

గేటు దగ్గర ఆరు డ్రమ్ములు పొగలు కక్కుతున్నాయి. నోళ్ల లెక్కన పంచుదాం, నాకు పదకొండు, నీకు ఆరు అంది రాజ్యం. కల్పలత పొట్టు తోడే ముంత కింద పెట్టి ఆమె కళ్లలోకి చూసింది.

"మా ఆయన నీలం డ్రమ్ములు ఎత్తుతుంటే నువ్వు చూస్తనే ఉన్నవంట గదా, అక్కా."

రాజ్యం పారను పొట్టులో గుచ్చింది.

"ఉన్న" అంది.

రాజ్యం పొట్టు తోడడం మొదలుపెట్టింది. ఆవిరి మొహానికి కొడుతుంటే, నొప్పి పట్టిన భుజంతోనే, కల్పలత డ్రమ్ముల్లోకి తొమ్మిది నోళ్ల లెక్కన పోసింది.