ఆదివారం సాంబ్రాణి

మా పాపకి నాలుగేళ్లు. నిరుడు చలికాలం నుంచి పిల్లికూతలు మొదలయ్యాయి. మొదట జలుబనుకున్నాం. ప్రతి సోమవారం బడి మానిపించాల్సి వస్తుంటే, దీనికేదో కారణం ఉండాలనిపించింది.

నా అనుమానమంతా పత్తి మీద. మాది పొందూరు, మా అత్తగారు ఇప్పటికీ రోజూ రాట్నం వడుకుతారు. గదిలో నూగు ఎగురుతూ ఉంటుంది. నేను నోరు తెరిచి అడగలేకపోతుంటే, ఆవిడే గ్రహించి రాట్నాన్ని పెరటి వసారాలోకి మార్చుకున్నారు. అయినా కూతలు తగ్గలేదు.

శ్రీకాకుళంలో డాక్టరు ఇంట్లో పొగ ఉందా అని అడిగారు. కట్టెల పొయ్యి, చుట్టలు, దోమల చక్రాలు, అన్నిటికీ లేదన్నాం. "మా కొంపలో పొగేటి బాబూ, గేస్ పొయ్యే కదా" అని అత్తగారు కాస్త నొచ్చుకున్నారు కూడా. నేనూ తలూపాను. ఇన్‌హేలర్ రాసిచ్చారు. అది అలవాటైపోతుందని ఆవిడ భయం. ఆడపిల్ల చేతిలో అది చూస్తే నలుగురూ ఏమంటారోనని ఇంకో భయం. బీరువాలో పెట్టేశారు.

ఆ ఆదివారం అత్తగారు పాపకి తలంటి పోసి, ఎప్పటిలాగే నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి, దాని మీద జుట్టు ఆరబెట్టారు. జలుబు వదలడం లేదని ఈమధ్య ఇంకో చిటికెడు ఎక్కువే వేస్తున్నారు. పాప దగ్గింది. గుమ్మంలో నిలబడ్డ నాకు అప్పుడు తట్టింది.

"అత్తా, ఇదీ పొగే కదా" అన్నాను.

"సాంబ్రాణి పొగేటే? మీ ఆయన్నీ దీంతోనే పెంచినాను."

"ఆయనకి చిన్నప్పుడు ఆయాసం రాలేదా?"

ఆవిడ చెయ్యి ఆగింది. "ఒచ్చీది. ఒచ్చినప్పుడల్లా ఇదే ఏసీదాన్ని" అన్నారు. పాపని ఎత్తి నాకిచ్చి, నిప్పుల మీద నీళ్లు పోసేశారు.

ఇప్పుడు పాప జుట్టు ఎండలో ఆరుతోంది. సోమవారాలు బడికి వెళ్తోంది. ఉబ్బసం పూర్తిగా పోలేదు. మొన్న కోత మిషను దుమ్ముకి ఆయాసం వస్తే, బీరువా దగ్గరికి నాకంటే ముందు పరుగెత్తింది అత్తగారే. "పీల్సు తల్లీ" అంటూ ఇన్‌హేలర్ పట్టుకున్నారు.

రాట్నం లోపలికి తెచ్చుకోమని ఇవాళ చెప్పాను. "ఇంకో సలికాలం సూద్దాం" అని వసారాలోకే వెళ్లారు.