సి షిఫ్టు వారం ఖాళీ గళ్ళు

1999 మే నెల. విశాఖ పాతనగరంలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో నేను కాంటాక్ట్ లెన్స్ క్లినిక్ నడుపుతున్నాను. నేను ఆప్టోమెట్రిస్టును. చూపు పరీక్షించి అద్దాలో లెన్సులో అమర్చడం నా పని, మందులు రాయడం కంటి డాక్టరుగారి పని. అప్పటికి తొమ్మిదేళ్ళ అనుభవం. కోపం మాత్రం మొదటిరోజు నుంచీ ముక్కు మీదే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం అప్పలరాజు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. ఇతను పడవెక్కకుండా ఇసుకలో వాలీబాల్ ఆడుతూ పెరిగాడు. రేవు దగ్గర ఒక గోదాములో కాంట్రాక్టు వాచ్‌మన్. పవర్ మైనస్ ఏడు, అంటే కళ్ళజోడు తీస్తే ఎదురుగా వచ్చే బంతే కాదు, నెట్ కూడా సరిగ్గా కనపడదు. ఒకసారి ఆటలో కళ్ళజోడు పగిలి కనుబొమ్మ చీరుకుపోయాక, జనవరిలో నా దగ్గరకొచ్చి సాఫ్ట్ లెన్సులు పెట్టించుకున్నాడు.

ఏప్రిల్లో మొదటిసారి దురద మొదలైంది. డాక్టరుగారు చుక్కలు రాశారు, నేను రెండు వారాలు లెన్సులు మాన్పించాను, తగ్గింది. మేలో మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. పై రెప్ప తిరగేసి చూస్తే లోపలంతా సగ్గుబియ్యం పరిచినట్టు బొడిపెలు. దీన్ని జెయింట్ పాపిల్లరీ కంజంక్టివైటిస్ అంటాం, పలకలేక జీపీసీ అని పిలుచుకుంటాం. లెన్సు మీద పేరుకున్న మురికి పొర రెప్పకు పడక పుట్టే ఎలర్జీ ఇది. కళ్ళు దురదపెడతాయి, తీగలు సాగే పుసి వస్తుంది, రెప్ప వాల్చినప్పుడల్లా లెన్సు పైకి జారిపోతుంది.

ఆరు వారాల్లో ఒక పెద్ద కంపెనీలో స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ ఉన్నాయి. నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం. ఆ కోటాకి పెట్టిన వయసు పరిమితి రీత్యా అతనికి అదే ఆఖరి అవకాశం. డాక్టరుగారు నాలుగు వారాలు లెన్సులు ముట్టుకోవద్దన్నారు. మూడోసారి గానీ వస్తే ఈ కళ్ళకు లెన్సులు పడవని రాసేస్తానని కూడా అన్నారు.

ఈ మాట చెబితే అప్పలరాజు తల వంచుకున్నాడు.

"లెన్సులు తియ్యమంటే తీసేత్తాను మేడమ్. ఆట మానీమని మాత్రం అనకండి," అన్నాడు.

మా ఊళ్ళో కంటికి ఏమొచ్చినా నింద దుమ్ము మీదకే పోతుంది. రేవు పక్క ఇళ్ళలో పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా ఇనుప ఖనిజం దుమ్ముకి సాయంత్రానికి ఎర్రమట్టి రంగు తేలేది. నేనూ ఏప్రిల్లో దుమ్మే అని తీర్మానించి, డ్యూటీలో గాగుల్స్ పెట్టుకోమన్నాను. అయినా మళ్ళీ వచ్చిందంటే నువ్వు శుభ్రం చెయ్యడం లేదు, బద్ధకం అని ఆ రోజు గట్టిగా మందలించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అతను జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. అందులో నేనిచ్చిన సూచనల కాగితాలు, నెలకొకటి చొప్పున మడతపెట్టి ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు లెన్సులు తీసి సొల్యూషన్‌లో రుద్ది కడగాలి, ఆదివారం రాత్రి ఎంజైమ్ టాబ్లెట్‌లో నానబెట్టాలి అని రాసి, కింద రోజుకొక గడి గీసి ఇచ్చేదాన్ని. ఎంజైమ్ అంటే కన్నీళ్ళలోంచి లెన్సుకు పట్టే ప్రోటీన్ పొరను వదలగొట్టే మందు. ఏప్రిల్లో లెన్సులు మాన్పించిన రెండు వారాలు పోను ప్రతి గడిలో టిక్కు పెట్టి ఉంది, నీలం సిరాతో, బడిపిల్లాడి శ్రద్ధతో. మూడు వారాలకోసారి మాత్రం వారమంతా ఖాళీ.

ఈ ఖాళీలేమిటని అడిగాను.

"అది సి షిఫ్టు వారం కదండీ. రాత్రి పదికి ఎక్కితే పొద్దున ఆరుకి దిగుతాను. ఆ వారం రాత్రులు పడుకోను."

"మరి పగలు పడుకుంటావుగా?"

"పడుకుంటానండి. గ్రౌండు నుంచొచ్చి పడుకుంటాను. పగలు తియ్యమని ఈ కాయితంలో లేదు కదేటండీ?"

ఉదయం డ్యూటీ దిగి ప్రాక్టీసు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ ప్రాక్టీసు, రాత్రి డ్యూటీ. ఆ వారమంతా లెన్సులు కంట్లోనే. ఆదివారం టాబ్లెట్ కూడా ఎగిరిపోయేది, ఎందుకంటే ఆ రాత్రికి లెన్సులు డబ్బాలో ఉండేవి కావు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు పాపం. రాత్రయితే ఊరంతా పడుకుంటుందన్న లెక్కతో కాగితం రాసింది నేను. మూడు షిఫ్టుల ఊళ్ళో పుట్టి పెరిగి కూడా నాకది తట్టలేదు.

తప్పు నాదేనని అతనితోనే చెప్పాను. నా దగ్గరున్న కాగితాల కట్ట మొత్తం అతని ముందే చించేసి, గళ్ళు గీసి కొత్తది రాశాను. నిద్రపోయే ముందు లెన్సు తియ్యాలి, అది పగలైనా, పది నిమిషాల కునుకైనా సరే. డ్యూటీకి కళ్ళజోడే, లెన్సులు ఆటకి మాత్రమే. దురదేస్తే నలపకుండా చల్లటి గుడ్డ వేసుకోవాలి. ఏడాది వాడే పాత జత పారేయించి, నెలకోసారి మార్చే డిస్పోజబుల్ లెన్సులు తెప్పించాను. ప్రిజర్వేటివ్ లేని సొల్యూషన్ కోసం మద్రాసు డీలరుకు రోజూ ఫోన్ చేసి విసిగించాను.

ఆ నాలుగు వారాలూ అతను ప్రాక్టీసు ఆపలేదు. పాత కళ్ళజోడుకు వల అల్లే దారం కట్టి తల వెనక్కి బిగించుకుని ఆడాడు. వారానికోసారి వచ్చి రెప్ప చూపించుకునేవాడు. మూడో వారానికి బొడిపెలు అణిగాయి, నాలుగో వారం గడిచాక డాక్టరుగారు సరేనన్నారు. ట్రయల్స్‌కు పన్నెండు రోజులుందనగా కొత్త లెన్సులు పెట్టాను. రోజుకు మూడు గంటలు, అంతకు మించి వీల్లేదన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ట్రయల్స్ మూడు రోజులు జరిగాయి. మూడోరోజు ఆట కాగానే లెన్సులతోనే వచ్చి చూపించుకోమన్నాను, సాయంత్రం దుకాణం గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాను. సిటీ బస్సు దిగి వస్తున్న అప్పలరాజు ముఖాన కళ్ళజోడు కనపడగానే ఎదురెళ్ళాను. మళ్ళీ వచ్చిందా దురద అని గదమాయించినట్టే అడిగాను.

"లేదండీ. సెలక్టయిపోనాను. బస్సులో కునుకు పడతాదేమోనని తీసేసినాను."

అంటూ చొక్కా జేబులోంచి లెన్స్ డబ్బా, గళ్ళ కాగితం తీసి చూపించాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. అవి అతనికి కనపడకుండా తల తిప్పి, కాగితం అందుకుని ఆ రోజు గడిలో టిక్కు నేనే పెట్టాను.

అప్పటినుంచి నా కేసు కార్డులో మొదటి ప్రశ్న పవర్ గురించి కాదు, దుమ్ము గురించీ కాదు. మీరు ఎప్పుడెప్పుడు పడుకుంటారు అని అడుగుతాను. బ్యాంకు ఉద్యోగులు కొందరు విసుక్కుంటారు, కళ్ళకీ దానికీ సంబంధమేమిటని. నాకు కావాలి, చెప్పండి అంటాను.