పొగమంచులో ఊపిరి విన్న మనిషి

మా పక్కింటి డాక్టర్ గారు పోయిన గురువారం మధ్యాహ్నం పోయారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పన్నెండేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ బతికాం. ఫేస్‌బుక్‌లో సంతాపాలు వరసకట్టాయి. వాటి కిందే నా మీద విసుర్లు కూడా. ఊపిరి కోసం గొట్టం వేయొద్దని ఆసుపత్రిలో చెప్పింది నేనే. దాచను. తను మాట్లాడలేని స్థితి వస్తే తన తరఫున మాట్లాడే మనిషిగా ఆయన కాగితం మీద రాయించిన పేరు కొడుకుది కాదు, నాది.

"అక్కా, ప్లీజ్, ట్యూబ్ వేయనివ్వు. నాన్న ఫైటర్," అని అరోరా అనే దూరపు ఊరి నుంచి ఆ కొడుకు ఫోన్‌లో ఏడ్చాడు. ఏడుస్తున్న మనిషితో వాదించడం ఎంత నీచంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అయినా వాదించాను.

ఆయన ఊపిరితిత్తుల డాక్టరు. ఉద్యోగం మానేశాక కూడా ఆ చెవి పని మానలేదు. విందుల్లో ఎవరైనా మెట్లెక్కి వస్తుంటే తల తిప్పకుండానే, "ఈయన మళ్ళీ సిగరెట్లు మొదలెట్టాడు," అనేవారు. ఒకరోజు పొద్దున్నే మా తలుపు తట్టి, "అమ్మాయ్, మీ ఆయన్ని ఎక్స్‌రే తీయించుకోమను," అన్నారు. గోడవతల నుంచి విన్నారట. తీయించాం. డాక్టర్ గారు అనుమానించిందే నిజం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. మందులతో తగ్గింది గాని, ఆ తర్వాత చాన్నాళ్ళు మేమిద్దరం మా పడగ్గదిలో మెల్లగా ఊపిరి తీసుకున్నాం.

నేను పత్రికలకి రాసే వ్యాసాలన్నీ చదివేవారు. "కోపం బాగుంది. మధ్యలో గాలి పీల్చుకోడానికి కాస్త చోటు వదులు," అనేవారు.

2009 వేసవి. కొత్త ఆరోగ్య చట్టం పేరుతో ముసలివాళ్ళని చంపడానికి ప్రభుత్వం కమిటీలు వేస్తోందని టీవీలో ఒకటే గోల. ఇంతకీ ఆ ఘోరం ఏమిటి? చివరి రోజుల్లో నీకేం కావాలని రోగిని డాక్టరు అడగడం! దాన్ని సమర్థిస్తూ మూడు వ్యాసాలు దంచాను. అప్పుడే మా తెలుగు బృందం మాంటెరేలో తిమింగలాల్ని చూపించే పడవ ఎక్కింది. డాక్టర్ గారితో, పులిహోర డబ్బాలతో సహా.

గంట తర్వాత పొగమంచు కమ్మేసింది. పక్కనున్న మనిషి మొహం కూడా సగమే కనిపిస్తోంది. కెప్టెన్ ఇంజన్ ఆపి, మాట్లాడొద్దన్నాడు. మావాళ్ళు ఊరుకుంటారా? ఒకాయన "మత్స్యావతారం స్వామీ, దర్శనమియ్యి!" అన్నాడు. "ముందు ఆ డబ్బా మూత పెట్టండి, స్వామి పులిహోరకి వస్తాడు," అంది వాళ్ళావిడ.

అప్పుడు వినిపించింది. చాలా దగ్గరగా, ఏ దిక్కు నుంచో తెలియకుండా ఒక పెద్ద నిట్టూర్పు. వెచ్చటి చేపల కుళ్ళు వాసన మొహానికి కొట్టింది. ఏమీ కనబడలేదు. పిల్లలు కూడా నోళ్ళు మూశారు. మళ్ళీ అదే ఊపిరి, ఈసారి వెనక.

డాక్టర్ గారు కళ్ళు మూసుకుని రెయిలింగ్ పట్టుకున్నారు.

"ముసలి ప్రాణి," అన్నారు. "మనలాగా కాదు అమ్మాయ్. తిమింగలం ప్రతి ఊపిరీ తెలిసే తీసుకోవాలి. నిద్రలో కూడా సగం మెదడు మేలుకునే ఉంటుంది." ఒక ఊపిరి తీసుకుని, "ఏడాదిగా నాకూ అంతే. తలుచుకుంటేగాని ఊపిరి ఆడట్లేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి," అన్నారు.

"అబ్బాయికి చెప్పారా?"

"చెబితే మెషీన్ పెట్టిస్తాడు. ప్రేమ వాడికి. ఆ మెషీన్లు ఎంతమందికి పెట్టానో నాకు తెలుసు. నా తరఫున నువ్వు వద్దనాలి."

"నేనా?"

"మూడు వ్యాసాలు రాశావు కదా!"

కాగితం మీద అంత ధైర్యంగా సమర్థించినదాన్ని, ఒక మనిషి ఎదురుగా నిలబడి అడిగేసరికి తప్పించుకోబోయాను. కొత్త మందులున్నాయన్నాను. ఇంకో డాక్టర్ని చూద్దామన్నాను. వాదించడం తప్ప నాకేం వచ్చు? ఆయన నా వంకే చెవి పెట్టి నిలబడ్డారు. అప్పుడు గమనించాను, నా ఊపిరి వింటున్నారు.

"సరే," అన్నాను.

అవతలివైపు ఎవరో "అదిగో!" అని కేకేశారు. అందరూ అటు పరిగెత్తారు. పడవ ఒరిగింది. మేమిద్దరమే ఇటు మిగిలాం. మా కింద ఏదో నల్లగా, చప్పుడు లేకుండా దిగిపోయింది. అది దిగినచోట నీళ్ళ మీద గుండ్రటి నునుపు మిగిలింది, ఇస్త్రీ చేసినట్టు. అలలు దాని అంచుదాకా వచ్చి ఆగుతున్నాయి. ఎంతసేపు చూసినా ఆ నునుపు చెదరలేదు. పొగమంచే వచ్చి దాన్ని కప్పేసింది.