పగలకముందే పట్టీ

నా చిన్నప్పుడు మా బాపు జనగామలో ఉల్లిగడ్డలు కొని, సైకిలు మీద చుట్టుపక్కల పల్లెలు తిరిగి అమ్మేవాడు. బడి లేని రోజు నన్ను ముందు రాడ్ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. మంచివాడే కానీ మహా మొండి.

ఒకరోజు గాలి కొట్టించడానికి సైకిల్ షాపు చాచా దగ్గర ఆగాం. ముందు టైరు పక్కన చీలి, లోపలి ట్యూబు బుగ్గలా బయటికి ఉబ్బింది. చాచా దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, గాలి కొట్టనన్నాడు. ఉన్న గాలే కొంత తీసేసి, చీలిక మీద రబ్బరు పట్టీ బిగించాలన్నాడు. మూటలు తగ్గించమన్నాడు, మళ్లీ వారం వచ్చి చూపించుకోమన్నాడు. బాపుకు ఒళ్లు మండింది. పొద్దెక్కితే బేరాలు పోతాయి.

"నడుస్తాంది గద భాయ్, ఏమైతది?" అన్నాడు.

చాచా నన్ను రెండు చేతులతో ఎత్తి దించి, తన బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఏం కాదంటున్నవ్ గద, నువ్వు పో, అన్నా. బిడ్డను నేను బస్సుల పంపిస్త."

బాపు సైకిలు ఎక్కబోయి ఆగాడు. దారిలో వాగు దిగుడు ఉంది, అంతా రాళ్లు. నా ముఖం చూశాడు. సైకిలు గోడకు ఆనించి మూటలు విప్పాడు, పట్టీ బిగించమన్నాడు. ఆ రోజు సగం సరుకు మిగిలింది. పొద్దుపోయి ఇల్లు చేరితే అమ్మ తిట్టింది. తిట్లు తింటూనే అన్నం తిని పడుకున్నాం.

ఇప్పుడు నేను మనవరాలున్న ముసలిదాన్ని. ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపలే ఉండిపోయి కాలేయాన్ని గట్టిపరిచాయట. అన్నం దిగే గొట్టంలో నరాలు ఉబ్బాయని డాక్టరమ్మ చెప్పింది. అవి పగిలితే నెత్తురు కక్కుకుంటాను, దవాఖాన దాకా ఉంటానో లేదో. ఆ నరాల్లో నెత్తురు ఒత్తిడి తగ్గించే మాత్రలు నాకు పడలేదు, కళ్లు తిరిగి పడిపోయాను. అందుకని కొన్ని వారాలకోసారి వరంగల్ పోయి ఆ నరాలు పగలకుండా వాటికి రబ్బరు రింగులు వేయించుకుంటున్నాను. పరగడుపున బస్సు, వరుసలో పడిగాపులు, తరువాత గంజి. నొప్పి లేదు, ఇంతవరకు ఒక్క చుక్క నెత్తురు పడలేదు. అలసిపోయాను. ఈసారి పోనని నిన్న కోడలికి చెప్పేశాను.

"మంచిగనే ఉన్న గద, ఏమైతది?" అన్నాను.

అన్నాక నాకే భయమేసింది. అచ్చం బాపు గొంతే. రోజూ నా పక్కలోనే పడుకునే మనవరాలిని కోడలు ఎత్తుకుని లోపలికి పోయి తన పక్కన పడుకోబెట్టుకుంది.

రాత్రంతా ఆలోచించాను. నేను నెత్తురు కక్కుకుంటే మొదట చూసేది ఆ పిల్లే. ఏమీ కాకుండా ఇల్లు చేరడం దానంతట అది జరగదని, దానికీ ఎవరో ఒకరు విసుగును దిగమింగి పాటుపడాలని, చాచా ఆ రోజు బాపుకు చెప్పకుండానే చెప్పాడు. నాకు ఓపిక లేదు. అయినా రేపు తొలి బస్సుకే పోతాను. తిరిగొచ్చాక పిల్లను నా పక్కలోనే పడుకోబెట్టమంటాను.